గంటకు రెండు డాలర్ల కొలువు: బలం నేర్పే పని వృత్తిగా మారిన కథ



మన బరంపురం వీధుల్లో ఇప్పుడు ఏ మలుపు తిరిగినా ఒక జిమ్ కనబడుతోంది. అందులో పొద్దున్నా సాయంత్రం పిల్లలకు బరువులెత్తడం నేర్పే కుర్రాణ్ణి "ఏం చేస్తున్నావు నాన్నా?" అని అడిగితే "జిమ్‌లో ఉంటున్నాను పెదనాన్నా" అంటాడు. ఉద్యోగం చేస్తున్నానని అనడు. వాళ్ళ అమ్మని అడిగితే "ఇంకా ఏదీ కుదరలేదండీ" అంటుంది. రోజంతా నిలబడి పనిచేసేవాడి పనికి ఇంట్లోనూ పేరు లేదు, ఊళ్ళోనూ పేరు లేదు. పెళ్ళిచూపుల్లో చెప్పుకోవడానికి అసలే లేదు.

ఇదే పనికి అమెరికాలోనూ ఒకప్పుడు పేరు లేదు. 1969 వరకు అక్కడి కాలేజీ ఫుట్‌బాల్ జట్లలో ఆట నేర్పే కోచ్ ఉండేవాడు, దెబ్బలకు కట్టుకట్టే ట్రైనర్ ఉండేవాడు. ఆటగాడి ఒంట్లో బలం పెంచడమే పనిగా జీతం తీసుకునే మనిషి మాత్రం లేడనే చెప్పాలి. ఇప్పుడు పెద్ద విశ్వవిద్యాలయాల్లో అలాంటి మనిషి లేని జట్టు లేదు. ఆయన్ని స్ట్రెంత్ అండ్ కండిషనింగ్ కోచ్ అంటారు. మన మాటల్లో చెప్పాలంటే బలం, దమ్ము పెంచే గురువు. ఈ మార్పు ఎలా వచ్చిందో, దానికి ఎంత వెల కట్టవలసి వచ్చిందో మన సభ్యులు తెలుసుకోవాలని ఈ వ్యాసం రాస్తున్నాం. పరదేశం కథే, కానీ మన పిల్లలకు పనికొచ్చే సంగతులు ఇందులో చాలా ఉన్నాయి.

ముందు ఆట గురించి రెండు మాటలు. అమెరికాలో ఫుట్‌బాల్ అంటే మనం కాళ్ళతో తన్నే ఆట కాదు. బంతి కోడిగుడ్డు ఆకారంలో ఉంటుంది, చేత్తో పట్టుకుని పరుగెత్తుతారు, విసురుతారు. జట్టుకు పదకొండు మంది. ముందువరసలో భారీ మనుషులు ఒకరికొకరు ఎదురుగా వంగి నిలబడతారు. బంతి కదలగానే పొట్టేళ్ళలా ఢీకొంటారు. ఆ ఢీ కొన్ని సెకన్లే ఉంటుంది, మళ్ళీ వరస కడతారు, మళ్ళీ ఢీ. కబడ్డీలో కూతకొచ్చినవాణ్ణి పట్టి ఆపడానికి ఎంత బలం కావాలో మనకు తెలుసు. అలాంటి పట్టు ఒక ఆటలో వంద సార్లకు పైగా పట్టాలనుకోండి. అందుకే ఈ ఆటలో బలానికి అంత విలువ.

నెబ్రాస్కా అమెరికా నడిబొడ్డున ఉన్న వ్యవసాయ రాష్ట్రం. మొక్కజొన్న, పశువులు అక్కడి బతుకుతెరువు. డబ్బు తీసుకుని ఆడే పెద్ద ఫుట్‌బాల్ జట్టు ఆ రాష్ట్రంలో లేదు. ఉన్నదల్లా లింకన్ నగరంలోని విశ్వవిద్యాలయం జట్టు, దాని మెమోరియల్ స్టేడియం. 1962 నవంబరు నుంచి అక్కడ జరిగే ప్రతి ఆటకూ టిక్కెట్లన్నీ అమ్ముడుపోతూ వస్తున్నాయి. ఆట ఉన్న రోజు ఒమాహా, లింకన్ తరువాత రాష్ట్రంలో మూడో పెద్ద ఊరు ఆ స్టేడియమేనని అక్కడివాళ్ళు చెప్పుకుంటారు. మన దగ్గర ఠాకురాణి జాతరకు ఊరు కదిలినట్టు ఆ ఆటకు రాష్ట్రం కదులుతుంది.

అంత పిచ్చి ఉన్న చోట కూడా ఆటగాళ్ళు బరువులెత్తేవాళ్ళు కారు. కారణం భయం. బరువులెత్తితే కండలు బిగుసుకుపోతాయని, మనిషి నెమ్మదిస్తాడని, చేయి వంగదని కోచ్‌లు గట్టిగా నమ్మేవారు. కొన్ని చోట్ల బరువులు ముట్టుకుంటే జట్టులోంచి తీసేస్తామనేవారు. ఇది చదువురానివాళ్ళ మూఢనమ్మకం అనుకోకండి. వ్యాయామ విద్యలో పెద్దలనిపించుకున్నవారు కూడా ఇదే మాట చెప్పేవారు.

మసాచుసెట్స్‌లోని స్ప్రింగ్‌ఫీల్డ్ కాలేజీలో పీటర్ కార్పోవిచ్ అనే ఆచార్యుడు అలాంటివారిలో ఒకరు. 1940లో అక్కడ బరువులెత్తేవాళ్ళ ప్రదర్శన జరిగింది. జాన్ గ్రిమెక్ అనే కండల వీరుణ్ణి ఆయన ఒక ప్రశ్న అడిగారు. నీ రెండు భుజపుటెముకల మధ్య వీపు గోక్కోగలవా అని. గ్రిమెక్ సులువుగా గోక్కుని చూపించాడు. కార్పోవిచ్ గొప్పతనం ఏమిటంటే, తన నమ్మకం తప్పేమో అని అనుమానం వచ్చాక దాన్ని వదిలిపెట్టలేదు, పరీక్షకు పెట్టారు. 1951లో విలియం జోర్బాస్‌తో కలిసి బరువులెత్తే 300 మందిని, ఎత్తని 300 మందిని తీసుకుని, చేతితో ఒక చక్రాన్ని ఎంత వేగంగా తిప్పగలరో కొలిచారు. బరువులెత్తేవాళ్ళే వేగంగా తిప్పారు. ఆరువందల మందిని కొలిచి చెప్పిన మాట అది. అయినా మైదానాల్లో ఆ పాత భయం పోవడానికి ఇంకో ఇరవై ఏళ్ళు పట్టింది.

ఇంకో దారి ఆసుపత్రి నుంచి వచ్చింది. రెండో ప్రపంచ యుద్ధం చివరి రోజుల్లో చికాగోలోని గార్డినర్ సైనిక ఆసుపత్రి మోకాళ్ళు దెబ్బతిన్న సైనికులతో నిండిపోయింది. అక్కడ థామస్ డెలోర్మ్ అనే యువ డాక్టరు ఉండేవారు. చిన్నప్పుడు రుమాటిక్ జ్వరంతో మంచానపడి, తరువాత బరువులెత్తి కోలుకున్న మనిషి. ఆ అనుభవంతోనే సైనికుల కాళ్ళకు బరువులు కట్టి ఎత్తించారు. కండ ఎంత బలపడితే బరువు అంత పెంచాలి, ప్రతి వారం లెక్క రాయాలి. ఇదీ ఆయన పద్ధతి. 1945లో ఆయన తన ఫలితాలు ప్రచురించారు. కొద్దికొద్దిగా పెంచుకుంటూ పోవడం అనే ఆ సూత్రమే ఇవాళ ప్రపంచంలోని ప్రతి జిమ్‌కూ పునాది.

మైదానంలో మొదట ధైర్యం చేసినవాడు ఆల్విన్ రాయ్. లూసియానా రాష్ట్రం బాటన్ రూజ్‌లో జిమ్ నడిపేవాడు. 1955లో ఇస్ట్రూమా హైస్కూల్ జట్టు చేత బరువులెత్తించాడు. ఆ ఏడాది ఆ స్కూలు ఒక్క ఆటా ఓడకుండా రాష్ట్ర విజేత అయింది. ఆ జట్టులోని బిల్లీ కానన్ తరువాత లూసియానా స్టేట్ విశ్వవిద్యాలయంలో చేరాడు. 1958లో ఆ విశ్వవిద్యాలయం జాతీయ విజేత, 1959లో కానన్‌కు కాలేజీ ఫుట్‌బాల్‌లో అత్యున్నతమైన హైస్‌మన్ బహుమతి. రాయ్ పేరు మారుమోగింది.

రాయ్ కథలో ఇంకో పేజీ కూడా ఉంది, దాన్ని దాచకూడదు. 1963లో ఆయన శాన్ డియాగో చార్జర్స్ అనే వృత్తి జట్టులో చేరాడు. ఆ ఏడాది వేసవి శిబిరంలో భోజనం బల్లల మీద డయానబాల్ అనే స్టెరాయిడ్ మాత్రలు పెట్టేవారని ఆనాటి ఆటగాళ్ళే తరువాత చెప్పారు. అప్పటికి దాన్ని నిషేధించే నియమం లేదు. ఆ ఏడాది ఆ జట్టు తమ లీగ్ విజేత కూడా అయింది. బలం నేర్పే వృత్తి, మాత్రల దొంగదారి రెండూ ఒకే గుమ్మంలోంచి లోపలికి వచ్చాయన్నమాట. ఒకదాన్ని తలుచుకుని రెండోదాన్ని మరిచిపోతే చరిత్ర సగమే చెప్పినట్టు.

ఇప్పుడు అసలు మనిషి దగ్గరికి వద్దాం. ఆయన పేరు బాయిడ్ ఎప్లీ. అరిజోనా రాష్ట్రం ఫీనిక్స్ నుంచి నెబ్రాస్కా విశ్వవిద్యాలయానికి వచ్చాడు. ఫుట్‌బాల్ కోసం రాలేదు. పొడవాటి గెడతో ఎత్తు దూకే పోల్‌వాల్ట్ ఆటగాడిగా వచ్చాడు. వెన్నుకు దెబ్బ తగిలి దూకడం ఆగిపోయింది. దూకే దారి లేక షుల్టే ఫీల్డ్ హౌస్‌లోని ఒక చిన్న గదిలో బరువులెత్తుకుంటూ ఉండేవాడు. దెబ్బలు తగిలిన ఫుట్‌బాల్ ఆటగాళ్ళు కోలుకోవడానికి అదే గదికి వచ్చేవారు. ఎప్లీ చేసేది చూసి వాళ్ళూ చేయడం మొదలుపెట్టారు. కొన్నాళ్ళకు చూస్తే, దెబ్బ తగిలి వెళ్ళినవాడు వెళ్ళినప్పటికన్నా బలంగా తిరిగి వస్తున్నాడు.

ఇది కనిపెట్టినవాడు టామ్ ఆస్బోర్న్. అప్పటికి ఆయన సహాయ కోచ్. ఆటగాడు మాత్రమే కాదు, 1965లో విద్యా మనస్తత్వశాస్త్రంలో డాక్టరేట్ తీసుకున్న మనిషి. జట్టు పరిస్థితి అప్పుడు బాగాలేదు. 1967లో ఆరు గెలిచి నాలుగు ఓడారు, 1968లోనూ అంతే. 1968 చివరి ఆటలో ఓక్లహామా చేతిలో 47-0తో చిత్తుగా ఓడారు. ప్రధాన కోచ్ బాబ్ డెవేనీని మార్చాలన్న గొంతులు లేచాయి. అలాంటి సమయంలో ఆస్బోర్న్ ఎప్లీని పిలిపించి, ఈ పని జట్టంతటికీ చేయగలవా అని అడిగారు.

డెవేనీకి బరువుల మీద నమ్మకం లేదు. ఎవడైనా ఒక్కడు నెమ్మదించాడా, నీ కొలువు పోయినట్టే అని ఆయన మొదటి రోజే హెచ్చరించారని ఎప్లీ తరువాత చాలా సార్లు చెప్పాడు. 1969 ఆగస్టులో పని మొదలైంది. జీతం గంటకు రెండు డాలర్లు. నెల జీతం కాదు, గంటల కూలి. కాలేజీ ఫుట్‌బాల్‌లో ఈ పని కోసమే జీతం ఇచ్చి పెట్టుకున్న తొలి మనిషిగా ఎప్లీని చెప్పుకుంటారు. ఆ గౌరవం అప్పుడు ఎవరికీ తెలియదు. ఇంట్లోవాళ్ళకు చెప్పుకోవడానికి ఆ పనికి అప్పటికి పేరు కూడా లేదు.

ఫలితాలు మీరే చూడండి. 1969లో 9 గెలుపులు, 2 ఓటములు. ఏడాది చివర సన్ బౌల్ ఆటలో జార్జియాను 45-6తో ఓడించారు. 1970లో 11 గెలుపులు, ఒక డ్రా, జాతీయ విజేత. 1971లో ఆడిన 13 ఆటలూ గెలిచి మళ్ళీ జాతీయ విజేత. ఆ ఏడాది నవంబరు 25న ఓక్లహామాతో ఆడి 35-31తో గెలిచిన ఆటను ఈ శతాబ్దపు ఆట అని ఇప్పటికీ అంటారు. మూడేళ్ళ కింద 47-0తో ఓడించిన అదే ఓక్లహామా.

ఇదంతా బరువుల మహిమే అని చెప్పేస్తే కథ బాగుంటుంది, నిజం మాత్రం కాదు. అదే 1969లో ఆస్బోర్న్ జట్టు దాడి పద్ధతిని మొత్తం మార్చారు. మంచి ఆటగాళ్ళు వచ్చి చేరారు. వంటలో ఏ దినుసు వల్ల రుచి వచ్చిందో విడదీసి చెప్పలేం. కానీ ఒక మాట మాత్రం ఖాయంగా చెప్పవచ్చు. ఎవరూ నెమ్మదించలేదు. డెవేనీ పెట్టిన పందెం ఎప్లీ గెలిచాడు. మిగతా విశ్వవిద్యాలయాలకు ఆ మాట చాలు. వాళ్ళూ అలాంటి మనిషి కోసం వెతకడం మొదలుపెట్టారు.

ఎప్లీ చేసిన అసలు పని బరువులు ఎత్తించడం కాదని మేము అనుకుంటాం. బరువులు అంతకు ముందూ చాలామంది ఎత్తించారు. ఆయన చేసింది కొలవడం. పది గజాల పరుగు ఎన్ని సెకన్లు, నలభై గజాల పరుగు ఎన్ని సెకన్లు, నిలుచున్న చోటి నుంచి ఎన్ని అంగుళాలు ఎగురుతాడు, పక్కకు ఎంత చురుగ్గా తిరుగుతాడు. ఇవన్నీ ప్రతి ఆటగాడికీ కొలిచి రాశాడు. రికార్డులు అందరికీ కనబడేలా గోడకెక్కించాడు. తరువాతి రోజుల్లో ఒక పాయింట్ల పద్ధతి కూడా తెచ్చాడు. అందులో ఆటగాడి ఒంటి బరువును లెక్కలోకి తీసుకుంటారు. నూటముప్పై కిలోల మనిషి ముప్పై అంగుళాలు ఎగరడం, ఎనభై కిలోల మనిషి అంతే ఎగరడం ఒకటి కాదు కదా. అంతకు ముందు కోచ్ కంటికి ఎవడు బాగా కనిపిస్తే వాడే బలవంతుడు. ఇప్పుడు గోడ మీద అంకె ఉంది. అంకెకు బంధువులుండరు, ఊరు పేరు అడగదు.

ఈ మాట నెబ్రాస్కాకు ఎందుకంత ముఖ్యమో చెప్పాలి. ఆ జట్టుకు వాక్-ఆన్ అనే సంప్రదాయం ఉంది. ఉపకార వేతనం లేకుండా, ఎవరూ పిలవకుండా, తమంతట తామే వచ్చి జట్టులో చోటు అడిగే కుర్రాళ్ళు. చాలామంది చిన్న ఊళ్ళ నుంచి, పొలాల నుంచి వచ్చినవాళ్ళే. పద్దెనిమిదేళ్ళకు సన్నగా వచ్చినవాడు నాలుగేళ్ళు ఆ గదిలో కష్టపడి, గోడ మీది అంకె పెంచుకుని, ఆఖరి ఏడాదికి మైదానంలో దిగిన సందర్భాలు అక్కడ ఎన్నో. ఆస్బోర్న్ 1973లో ప్రధాన కోచ్ అయ్యారు. 1997 వరకు పాతికేళ్ళలో 255 ఆటలు గెలిచారు, 49 ఓడారు, 3 డ్రా. 1994, 1995, 1997లలో జాతీయ విజేతలు, 1997లో మిచిగన్‌తో పంచుకున్నారు. ఆ పాతికేళ్ళూ బరువుల గది ఎప్లీ చేతిలోనే ఉంది.

ఇక మన సంఘం సభ్యులు ప్రత్యేకంగా గమనించవలసిన సంగతి. 1970లు గడిచేసరికి చాలా విశ్వవిద్యాలయాల్లో ఇలాంటి మనుషులు వచ్చారు. కానీ ఎవరికి వారే. ఒకరు చేసేది ఇంకొకరికి తెలియదు. తెలిసింది దాచుకునేవారే ఎక్కువ, ఎందుకంటే పక్కవాడు ప్రత్యర్థి. 1978లో ఎప్లీ వీళ్ళందరినీ లింకన్‌కు పిలిచాడు. వచ్చినవారు 76 మంది. అక్కడే జాతీయ స్ట్రెంత్ కోచ్‌ల సంఘం పుట్టింది. 76 మంది అంటే మన సంఘం వనభోజనాలకు వచ్చేవాళ్ళ కన్నా తక్కువ. శనివారం ఆటలో ఒకరినొకరు ఓడించుకోవలసినవాళ్ళు ఒక గదిలో కూర్చుని తమ పుస్తకాలు విప్పారు. అదే గొప్ప సంగతి.

1981లో ఆ సంఘం పేరు మార్చుకుంది. కోచ్‌ల సంఘం అనే మాట తీసి, స్ట్రెంత్ అండ్ కండిషనింగ్ సంఘం అని పెట్టుకుంది. డాక్టర్లు, పరిశోధకులు, ఉపాధ్యాయులు కూడా లోపలికి రావడానికి తలుపు తెరిచింది. పత్రికలు నడిపింది. 1985లో పరీక్ష పెట్టింది. డిగ్రీ ఉండాలి, శరీరశాస్త్రం తెలియాలి, మనిషి చేత వ్యాయామం సరిగ్గా చేయించడం తెలియాలి. అప్పుడే ధ్రువపత్రం. పని ఉంది, కొలత వచ్చింది, సంఘం వచ్చింది, పరీక్ష వచ్చింది. గంటల కూలి వృత్తి అయింది.

వృత్తికి తలుపు ఉంటే బయటివాళ్ళు కూడా తట్టగలరు. స్కాట్లాండ్ నుంచి వచ్చిన డిస్కస్ క్రీడాకారిణి మెగ్ రిచీ 1980లలో అరిజోనా విశ్వవిద్యాలయంలో ఈ పనికి అధిపతి అయింది. ఫుట్‌బాల్ ఆటగాళ్ళకు ఒక ఆడమనిషి బలం నేర్పడం ఆ రోజుల్లో ఎవరూ ఊహించనిది.

ఈ కొలువు ఎలా ఉంటుందో కూడా చెప్పాలి, లేకపోతే పిల్లలకు పైమెరుగే కనిపిస్తుంది. తెల్లవారకముందే పని మొదలు. చలికాలంలో, ఆటలు లేని నెలల్లో బరువులు పెంచాలి. వసంతంలో ఆట సాధనకు తగ్గట్టు సర్దాలి. వేసవిలో పరుగులు, దమ్ము. ఆటలు మొదలయ్యాక పెంచడం ఉండదు, ఉన్న బలం జారిపోకుండా కాపాడాలి. కాలేజీ క్రీడలను నడిపే ఎన్.సి.ఎ.ఎ. సంస్థ నియమాల ప్రకారం ఆటల కాలంలో వారానికి 20 గంటలు, మిగతా కాలంలో 8 గంటలకు మించి ఆటగాళ్ళ చేత తప్పనిసరి పని చేయించకూడదు. ఆటలు లేని కాలంలో ప్రధాన కోచ్‌కు ఆటగాళ్ళతో గడిపే వీలు తక్కువ. ఆ నెలల్లో వాళ్ళతో ఎక్కువగా ఉండేది ఈ గురువే. ఎవడు నిద్రపోవడం లేదో, ఎవడికి ఇంటి దగ్గర కష్టమో, ఎవడు తిండి మానేశాడో ముందు ఈయనకే తెలుస్తుంది. తల్లిదండ్రుల తరువాత తల్లిదండ్రి లాంటి పని.

అయినా కుర్చీ గట్టిది కాదు. ప్రధాన కోచ్‌ను తీసేస్తే చాలాసార్లు ఆయనతో పాటు ఈయనా సర్దుకోవలసిందే. జీతం లేని ఇంటర్న్‌గా మొదలై, ఊళ్ళు మారుతూ, పిల్లల స్కూళ్ళు మారుస్తూ పైకి రావాలి. మూడు దశాబ్దాలకు పైగా ఒకే చోట ఉన్న ఎప్లీ లాంటివారు చాలా అరుదు.

ఇక చేదు సంగతి. ఆటగాడి శరీరం మీద అంత అధికారం ఒక మనిషి చేతికి వచ్చాక, ఆ అధికారం దారి తప్పితే ఏమవుతుంది? 1980లలో స్టెరాయిడ్‌లు కాలేజీ ఆటల్లోకి ఎంతగా పాకాయంటే 1986లో ఎన్.సి.ఎ.ఎ. పరీక్షలు పెట్టవలసి వచ్చింది. 2011 జనవరిలో అయోవా విశ్వవిద్యాలయంలో మూడు వారాల సెలవు నుంచి తిరిగొచ్చిన ఆటగాళ్ళ చేత భుజాన బరువుతో వంద బస్కీలు తీయించారు. 13 మంది ఆసుపత్రిలో చేరారు. కండలు చిట్లి, ఆ వ్యర్థం రక్తంలో కలిసి మూత్రపిండాలకు ముప్పు తెచ్చే జబ్బు అది. మూత్రం కాఫీ రంగులోకి మారడం దానికి గుర్తు. 2018 మే 29న మేరీల్యాండ్ విశ్వవిద్యాలయంలో జోర్డాన్ మెక్‌నేర్ అనే 19 ఏళ్ళ కుర్రాడు 110 గజాల పరుగులు పదేపదే తీస్తూ వడదెబ్బకు కూలిపోయాడు. వెంటనే చల్లటి నీళ్ళలో ముంచి ఒంటి వేడి దించవలసింది. ఆ పని జరగలేదు. జూన్ 13న చనిపోయాడు. తప్పు తమదేనని విశ్వవిద్యాలయం బహిరంగంగా ఒప్పుకుంది.

ఈ రెండూ శత్రువు కొట్టిన దెబ్బలు కావు. సాధనలో జరిగినవి. కష్టపడితేనే మగాడు, ఆగమంటే పిరికివాడు అనే మాట ఒకటి ప్రతి మైదానంలో తిరుగుతూ ఉంటుంది. ఎప్లీ గోడ మీద అంకెలు రాసింది ఆ మాటను కొలతతో గెలవడానికే. కొలత మరిచిపోయి, అలసటనే శిక్షణ అనుకున్న చోట ఆ పాత మాట మళ్ళీ గెలిచింది.

ఈసారి కూడా జవాబు సంఘాల నుంచే వచ్చింది. 2019లో కోచ్‌ల సంఘాలు రెండు కలిసి, సెలవుల తరువాత తిరిగొచ్చే ఆటగాళ్ళ కోసం ఒక లెక్క రాసి ఇచ్చాయి. మొదటి వారం మామూలుగా చేయించే పరుగులు, కసరత్తులో 50 శాతం తగ్గించాలి. రెండో వారం 30, మూడో వారం 20, నాలుగో వారం 10. ఆ తరువాతే పూర్తి పని. దీనికి పెద్ద యంత్రాలు అక్కర్లేదు. ఒక నోటుపుస్తకం, ఒక పెన్సిలు, ఆగమని చెప్పే ధైర్యం చాలు.

ఇప్పుడు మన వైపు చూద్దాం. బలానికి మనం పేదవాళ్ళం కాదు. వీరఘట్టంలో పుట్టి, విజయనగరంలో వ్యాయామ ఉపాధ్యాయుడిగా ఉండి, సర్కస్‌తో దేశమంతా తిరిగిన కోడి రామ్మూర్తి నాయుడు గారు తన చివరి రోజులు మన ఒడిశాలోని బలాంగీర్‌లోనే గడిపి 1942లో కన్నుమూశారు. శ్రీకాకుళం ఆడపడుచు కరణం మల్లేశ్వరి 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో 240 కిలోలు ఎత్తి కంచు పతకం తెచ్చింది. మన బరంపురం కుర్రాడు కె. రవికుమార్ 2010లో ఢిల్లీ కామన్వెల్త్ క్రీడల్లో స్వర్ణం, 2014లో గ్లాస్గోలో రజతం గెలిచాడు. తాలింఖానాలు, సాము, గరిడీ, దండీలు, బస్కీలు మన తాతల మాటలే.

మరి లేనిదేమిటి? రామ్మూర్తి నాయుడు గారు గొలుసులు తెంపారని, గుండె మీద ఏనుగును నిలిపారని మనందరికీ తెలుసు. ఆయన పొద్దున్నే ఏం చేసేవారు, శిష్యుడికి మొదటి నెల ఏం చెప్పేవారు, ఎంత బరువుతో మొదలుపెట్టించేవారు అని అడిగితే మన దగ్గర జవాబు లేదు. ప్రదర్శన గుర్తుంచుకున్నాం, సాధన లెక్క రాసుకోలేదు. వీరుణ్ణి పొగిడాం, వీరుణ్ణి తయారుచేసినవాణ్ణి అడగలేదు. గురువులు లేక కాదు. వాళ్ళ పనికి పేరు, పుస్తకం, సంఘం లేక.

ఇది పాత వైభవం గురించిన బాధ కాదు. ప్రాణాల సంగతి. 2024లో ఝార్ఖండ్‌లో ఎక్సైజ్ కానిస్టేబుల్ ఎంపిక పరుగుల్లో పదిమందికి పైగా యువకులు చనిపోయారు. మన ఇళ్ళలోనూ సైన్యానికి, పోలీసుకు, అటవీశాఖకు తయారవుతున్న పిల్లలున్నారు. నోటిఫికేషన్ రాగానే మర్నాటి నుంచి మైళ్ళకు మైళ్ళు పరుగెత్తుతారు. ఏప్రిల్, మే నెలల ఎండలో ఖాళీ కడుపుతో పరుగెత్తుతారు. తెలియనివాడు ఇచ్చిన పొడి నీళ్ళలో కలుపుకుని తాగుతారు. వాళ్ళకు చెప్పే గురువు లేడు. ఉన్నా, ఆ గురువు మాటకు విలువ లేదు, ఎందుకంటే అతను "జిమ్‌లో ఉంటున్న" కుర్రాడు.

అందుకని సంఘం ముందు మూడు మాటలు పెడుతున్నాం.

ఒకటి, మన సభ్యుల పిల్లల్లో జిమ్‌లలో, వ్యాయామశాలల్లో నేర్పుతున్నవాళ్ళందరినీ ఒక ఆదివారం సంఘం భవనానికి పిలుద్దాం. 76 మంది వస్తారో, ఆరుగురే వస్తారో చూద్దాం. ఒకరి పద్ధతి ఇంకొకరికి చెప్పుకోనిద్దాం. చదువుకున్న ధ్రువపత్రం కావాలంటే ఏ పరీక్ష రాయాలో, ఎంత ఖర్చవుతుందో కనుక్కుని, కట్టలేనివాళ్ళకు సంఘం విద్యానిధి నుంచి సాయం చేద్దాం. ఇంజనీరింగ్ సీటుకు ఇస్తున్నాం కదా, దీనికి ఎందుకు ఇవ్వకూడదు?

రెండు, ఎంపిక పరుగులకు తయారయ్యే పిల్లలకు నోటుపుస్తకాలు ఇద్దాం. మొదటి వారం సగం, తరువాత కొద్దికొద్దిగా. ఎండ ఎక్కకముందే పరుగు ముగించాలి. దగ్గర నీళ్ళు ఉండాలి. తల తిరిగినా, మాట తడబడినా ఆగాలి, చల్లటి నీళ్ళు పోయాలి, ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. ఆగినవాణ్ణి ఎవరూ వెక్కిరించకూడదు. ఈ నాలుగు మాటలు మొదటి పేజీలోనే అచ్చువేయిద్దాం.

మూడు, పాత తాలింఖానాల్లో సాధన చేసిన పెద్దలు మనలో ఇంకా ఉన్నారు. వారి గురువు ఎవరు, ఏ వరసలో నేర్పారు, ఏం తిన్నారు, ఎన్ని దండీలు తీశారు అని కూర్చోబెట్టి అడిగి రాద్దాం. ఫోనులో రికార్డు చేసినా చాలు. పర్లాకిమిడి, ఛత్రపురం, జయపురం వైపు సభ్యులు కూడా తమ ఊళ్ళ సంగతులు పంపాలని కోరుతున్నాం.

బాయిడ్ ఎప్లీ పేరు మనవాళ్ళు గుర్తుంచుకోకపోయినా నష్టం లేదు. గంటకు రెండు డాలర్ల కూలికి చేరినవాడు తన పనిని చిన్నచూపు చూడలేదు, కొలిచి రాశాడు, తనలాంటివాళ్ళను పిలిచి కూర్చోబెట్టాడు. అంతవరకు గుర్తుంటే చాలు. ఈసారి జిమ్‌లో నేర్పే కుర్రాడు కనబడితే "ఇంకేమైనా చూసుకుంటున్నావా?" అని అడగకండి. "నీ దగ్గర ఎంతమంది నేర్చుకుంటున్నారు, ఎలా నేర్పుతున్నావు?" అని అడగండి. వచ్చే కార్యవర్గ సమావేశంలో ఈ మూడు విషయాలూ చర్చకు పెడతాం. మీకు తోచినది ఈలోగా రాయండి.